అక్క చెలక ఉన్న రేఖాంశం

నేను సోషల్ సారును. చౌటుప్పల్ దగ్గర ఒక సర్కారు హైస్కూల్లో చెబుతాను. ఏటా బడి తెరిచిన కొన్నాళ్లకే అక్షాంశాలు, రేఖాంశాల పాఠం వస్తుంది. ఒకప్పుడు ఆ పాఠమంటే నాకు పండగ. ఇప్పుడు ఆ వారం ఎప్పుడు దాటిపోతుందా అని క్యాలెండరు చూసుకుంటాను. పోయిన ఏడాది ఆ వారమంతా సెలవు పెట్టి ఇంట్లో పడుకున్నాను. హెడ్మాస్టరు ఫోన్ చేసి "ఏమైంది సార్, జ్వరమా?" అని అడిగితే అవునన్నాను. జ్వరం లేదు, గిరం లేదు. బోర్డు మీద నిలువు గీత గీయడానికి చెయ్యి రాలేదు, అంతే.

ఆ పాఠం నాకెంత బాగా వచ్చో ముందు చెప్పాలి. లేకపోతే నేను చేసిన పని ఎంత సిగ్గుమాలినదో మీకు తెలియదు.

దొరికిన ఏడాదల్లా క్లాసుకు ఒక కర్బూజ పండు పట్టుకుపోయేవాణ్ని. తొడిమ దగ్గర మొదలై కింది బొడ్డు దాకా దిగే చారలు చూపించి, ఇవీ రేఖాంశాలు అనేవాణ్ని. పైన ఉత్తర ధ్రువం, కింద దక్షిణ ధ్రువం. చారలన్నీ రెండు కొసల దగ్గర కలుస్తాయి, నడుమ దూరమవుతాయి. లండన్ పక్కన గ్రీనిచ్ మీదుగా పోయే గీత సున్నా. అక్కడి నుంచి తూర్పుకు నూట ఎనభై డిగ్రీలు, పడమరకు నూట ఎనభై. ఒకే గీత మీద ఉన్న ఊళ్లన్నిటికీ పొద్దు ఒకేసారి నడినెత్తికి వస్తుంది, అందుకే దాన్ని మధ్యాహ్న రేఖ అని కూడా అంటారు. పక్క డిగ్రీ మీది ఊరికి నాలుగు నిమిషాలు తేడా. గంటకు లాగే డిగ్రీకి కూడా అరవై భాగాలు, వాటినీ నిమిషాలే అంటారు, నిమిషానికి అరవై సెకన్లు. ఇదంతా చెప్పి, పండు కోసి తలా ఒక ముక్క పెట్టేవాణ్ని. పిల్లలు నాలుగు రోజులు వేళ్లు వాసన చూసుకునేవాళ్లు.

ఎవడైనా పరీక్షలో డెబ్బై అయిదు నిమిషాలు అని రాశాడా, వాడి పని అయిపోయిందే. "మీ ఇంట్ల గంటకు డెబ్బై అయిదు నిమిషాలార్రా? మీ నాయిన గడియారం కొన్నడా, తూకపు రాయి కొన్నడా?" అని నిలబెట్టి దులిపేవాణ్ని. క్లాసంతా నవ్వేది. వాడి చెవులు ఎర్రబడేవి. నాకు కోపం తొందర. చిన్నప్పటి నుంచీ అంతే. కోపం వచ్చినప్పుడు ఎదుటివాడు చెప్పేది చెవికి ఎక్కదు. దీన్ని నేను చాలా ఏళ్లు క్రమశిక్షణ అనుకున్నాను.

ఇంకొక అలవాటు కూడా చెప్పాలి. భారతదేశపు గడియారానికి ఆధారమైన రేఖాంశం ఎనభై రెండు డిగ్రీల ముప్పై నిమిషాలు, కాకినాడ పక్కనుంచి పోతుంది. దాన్ని బోర్డు మీద 82.30 అని చుక్క పెట్టి రాసేవాణ్ని. బడి తొమ్మిదిన్నరకు అయితే 9.30 అని రాస్తాం కదా, బస్సు నాలుగుంబావుకు అయితే 4.15 అని రాస్తాం కదా, అట్లా. చుక్కకు ఇవతల డిగ్రీలు, అవతల నిమిషాలు. మా సారు మాకు అట్లాగే రాశాడు, నేను నా పిల్లలకు అట్లాగే రాశాను. ఎవ్వరూ తప్పనలేదు.

మాది గొర్ల కాపరుల ఇల్లు. అచ్చంపేటకు దక్షిణాన, నల్లమల మొదలయ్యే చోట మా ఊరు. అక్క నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. ఊళ్లోనే ఇచ్చారు. పిల్లలు కలగలేదు. బావ పోయాక ఆమెకు మిగిలింది ఒక చిన్న మంద, అడవిని ఆనుకుని నాలుగెకరాల చెలక. చెలక అంటే నీటి వసతి లేని ఎర్రనేల. ఆముదం, పల్లికాయ, వానలు మంచిగా పడితే కొంచెం కంది. అక్క కోతలయ్యాక ఎవరి పొలంలోనూ గొర్లను పడుకోబెట్టేది కాదు. తన చెలకలోనే మంద పెట్టేది. ఎరువు కోసం ఊళ్లోవాళ్లు బతిమాలి పిలిచినా పోయేది కాదు. ముప్పై ఏళ్లుగా ఆ గొర్ల ఎరువు తిని ఆ నేల రంగే మారిపోయింది. చుట్టూ చెలకలన్నీ ఎర్రగా ఉంటే ఆమెది మాత్రం ముదురు బెల్లం రంగులో ఉండేది.

ఒకసారి ఉగాది దాటాక ఊరికి పోయాను. అక్క మందతో చెలకలో ఉంది. సద్ది మూట విప్పమన్నాను, పన్నెండయిందని. అక్క తన కర్రను నేలలో గుచ్చి నీడ చూసింది.

"ఇంక గాలే తమ్మీ. నీ గడియారం జర ముందు ఉరుకుతాంది."

"రేడియోతో కలిపి పెట్టుకున్న అక్కా."

"అయితే రేడియో గూడ ఉరుకుతాంది. నీడ ఇంక గుంజుకుంటనే ఉన్నది, సూడు."

కూర్చుని చూశాను. పావుగంట గడిచాక నీడ పొట్టిది కావడం ఆగింది. అప్పుడు మూట విప్పింది. నాకు ఆనందం పట్టలేకపోయింది. గడియారం కాకినాడ పక్క గీతది. అక్క నీడ అక్క నిలబడ్డ గీతది. రెంటికీ నడుమ నాలుగు డిగ్రీలకు కొంచెం తక్కువ, డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన పావుగంట. నేను పుస్తకంలో చదివి చెప్పే పాఠం అక్క కర్రతో చెప్పేసింది. ఆ సంగతి ఎన్ని క్లాసుల్లో చెప్పుకున్నానో లెక్క లేదు. మా అక్క చదువుకోలేదు గానీ తన మధ్యాహ్న రేఖ తనకు తెలుసు అనేవాణ్ని. చెబుతూ నా ఛాతీ నేనే పొంగించుకునేవాణ్ని.

రాష్ట్రం వచ్చాక కొన్నేళ్లకు భూములకు కొత్త పాసుబుక్కులు ఇచ్చారు. ఊళ్లో అందరికీ వచ్చాయి, అడవి అంచున ఉన్న కొందరికి తప్ప. అడవి హద్దు ఎక్కడ అన్నది తేలలేదని వాళ్లవి పక్కన పెట్టారు. వాళ్లలో అక్క ఒకతె. ఆమె మామ కాలం నాటి శిస్తు రసీదులు ట్రంకు పెట్టెలో ఉన్నాయి, కానీ కొత్త పుస్తకం లేకపోతే ఆ రసీదులు చూసేవాడు లేడు. రెండు మూడేళ్లు తిరిగి తిరిగి ఆమె కాళ్లు అరిగాయి. ఆఖరికి ఒక మాట బయటికి వచ్చింది. హద్దు మీద భూములున్నవాళ్లు తమ చెలక నాలుగు మూలల అక్షాంశం, రేఖాంశం రాసి దరఖాస్తు పెట్టుకోవాలి. మండలాఫీసులో వాటిని పటం మీద పెట్టి చూస్తారు. అడవి గీతకు బయట పడితే పుస్తకం ఇస్తారు, లోపల పడితే భూమి అడవిది. గడువు దాటితే మళ్లీ తీసుకోరు.

మిగతావాళ్లంతా కలిసి అచ్చంపేట నుంచి కొలిచే మనిషిని పిలిపించుకున్నారు. అక్క ఫోన్ చేసింది.

"అందరు గాయినతోటి కొలిపిచ్చుకుంటున్నరు తమ్మీ. నేను గూడ చెప్పనా?"

"వాడెవడక్కా, నేనుండంగ! నేను పిల్లలకు చెప్పేదే గది. నువ్వు ఫికర్ చెయ్యకు, ఆదివారం నేనొస్త."

"గాయిన రోజూ గదే పని జేస్తడంట..."

"పదో తరగతి తప్పినోడు వాడు. వానికి రేఖాంశం అంటే ఏందో తెలుస్తదా?"

ఈ మాట నేనన్నాను. ఆ కొలిచే మనిషి పదో తరగతి తప్పాడో, పాసయ్యాడో నాకు తెలియదు. నోటికొచ్చింది అనేశాను. అక్క సరేనని ఫోన్ పెట్టేసింది.

ఆదివారం పోయాను. ఫోన్లో ఒక యాప్ వేసుకున్నాను. ఎక్కడ నిలబడితే అక్కడి అక్షాంశం, రేఖాంశం అంకెల్లో చూపిస్తుంది. అక్క ముందు నడిచింది, నేను వెనక. మూల మూలకూ ఒక హద్దురాయి. రాయి దగ్గరికి రాగానే అక్క దాని మీద పాదం పెట్టి నిలబడేది.

"గీ రాయి మా మామ పాతిండు. గది నీ బావ పాతిండు. వానలకు ఒరిగితే మల్ల నేనే నిలబెట్టిన."

నేను ఫోను పైకెత్తి పట్టుకుని అంకెలు ఆగేదాకా చూసేవాణ్ని. "నీ ఫోనుకు నా చెలక కానొస్తాందా తమ్మీ?" అని అడిగింది. ఆకాశంలో ఉపగ్రహాలు ఉంటాయనీ, వాటి లెక్కతో ఫోను మనం ఎక్కడున్నామో చెబుతుందనీ అన్నాను. అక్క పైకి చూసి, కొంగు తల మీదికి లాక్కుంది. నవ్వొచ్చి ఆగలేకపోయాను. ఆమె కూడా నవ్వింది. ఆ రోజు ఇద్దరం చాలా సంతోషంగా ఉన్నాం. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది.

ఫోను చూపించిన రేఖాంశం మొదటి రాయి దగ్గర 78.5849. చుక్క తర్వాత ఇంకా అంకెలున్నాయి, అవి వదిలేయండి. చేత్తో ఒక పాత పరీక్ష పేపరు వెనక రాసుకున్నాను. ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని దరఖాస్తు తీశాను. అందులో ఒక్కో మూలకు మూడు గడులు. డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చుక్కకు ఇవతల డిగ్రీలు, అవతల నిమిషాలు, ఆ తర్వాత సెకన్లు. డెబ్బై ఎనిమిది, యాభై ఎనిమిది, నలభై తొమ్మిది. చకచకా నింపేశాను.

తూర్పు పక్క రాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఒకటి 78.5861, ఇంకొకటి 78.5863. అరవై ఒక్క సెకన్లు, అరవై మూడు సెకన్లు. పెన్ను ఆగింది. ఆగాలి కదా! నిమిషానికి అరవై సెకన్లు దాటవని ఎంతమంది పిల్లల చెవులు మెలిపెట్టాను? అరవై ఒకటి కనిపించిందంటే అది సెకన్లు కాదని అర్థం, ఆ చుక్క నేననుకున్న చుక్క కాదని అర్థం. భూమే నోరు తెరిచి చెప్పినట్టు చెప్పింది. నేను ఏం చేశానో తెలుసా? అరవై తీసేసి నిమిషాల్లో ఒకటి కలిపాను. డెబ్బై ఎనిమిది, యాభై తొమ్మిది, ఒకటి. ఆ కూడిక చేసినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. ఆ కొలిచే మనిషికైతే ఇది తట్టేదా అనుకున్నాను.

అక్షాంశం గడులు కూడా అట్లాగే నింపాను. అక్క వేలికి సిరా పూసి కింద వేలిముద్ర వేయించాను. పక్కన సాక్షిగా నేను సంతకం చేశాను.

ఇప్పుడు చెబుతున్నాను, మీరైనా జాగ్రత్తగా వినండి. ఫోను చూపించేది దశాంశాల్లో. పాయింట్ యాభై ఎనిమిది అంటే డిగ్రీని వంద ముక్కలు చేస్తే అందులో యాభై ఎనిమిది. నిమిషాల్లోకి మార్చాలంటే అరవైతో గుణించాలి. అంటే సుమారు ముప్పై ఐదు నిమిషాలు. అక్క చెలక డెబ్బై ఎనిమిది డిగ్రీల ముప్పై ఐదు నిమిషాల గీత మీద ఉంది. నేను యాభై ఎనిమిది నిమిషాల గీత మీద రాశాను. కాగితం మీద రెండు గడుల తేడా. నేల మీద నలభై కిలోమీటర్లకు పైన, తూర్పుకు. అక్షాంశం కూడా తప్పి కొంత ఉత్తరానికి జరిగింది. అమ్రాబాద్ దాటాక, పులుల కోసం కాపాడే అడవి మధ్యలో తీసుకుపోయి పెట్టాను మా అక్క ఆముదం చెలకను.

ఏడాది గడిచింది. మిగతావాళ్లకు ఒక్కొక్కరికీ పాసుబుక్కులు వచ్చాయి. అక్కకు ఒక కాగితం వచ్చింది. మీరు చూపిన స్థలం ఈ మండలంలో లేదు, రిజర్వు అడవి లోపల ఉంది, దరఖాస్తు తిరస్కరించడమైనది. అక్క ఎవరితోనో చదివించుకుని నాకు ఫోన్ చేసింది. ఆమె ఏడుపు విని నా ఒళ్లు మండిపోయింది. మర్నాడే బస్సెక్కి ఆ ఆఫీసుకు పోయాను.

అక్కడ ఒక గుమాస్తా ఉన్నాడు. బక్కపలచటి మనిషి, నాకంటే చిన్నవాడు. నేను కుర్చీలో కూర్చోకముందే అరవడం మొదలుపెట్టాను. అతను తన కంప్యూటర్ తెర నా వైపు తిప్పాడు.

"సార్, జర ఇటు చూడుండ్రి. మీరు రాసిన పాయింట్లు ఇగో గీడ పడుతున్నయి. మీ అక్క ఊరు గీ పక్కకున్నది. యాడనో పొరపాటైంది సార్."

"నీ కంప్యూటర్ పొరపాటు. దాన్ని సక్కగ చేయించుకో."

"కోపం జేసుకోకుండ్రి సార్. ఒక్కసారి మీరే చూడుండ్రి. అప్పీలుకు నెల టైమున్నది, దిద్ది మల్ల పెట్టుకోవచ్చు."

"ఏందయ్యా దిద్దేది? ఇరవై ఏండ్ల నుంచి పిల్లలకు నేను చెప్పే పాఠం గిది. నాకు రేఖాంశం నేర్పుతవా నువ్వు?"

తెర నా ఎదురుగా ఉంది. ఆ పటం మీద నాలుగు చుక్కలు కనిపిస్తున్నాయి. నేను చూడలేదు. అతని మొహమే చూశాను, తెర చూడలేదు. కుర్చీని వెనక్కి తోసి వచ్చేశాను. బయటికి వచ్చి అక్కతో ఫోన్లో ఏమన్నానో అది కూడా దాచను. "వాడు పైసలు గుంజాలని జూస్తున్నడు అక్కా, నేను వదల" అన్నాను. అతను నన్ను ఒక్క రూపాయి అడగలేదు. ఇంటికి పోయి అతని మీద పై అధికారులకు మూడు పేజీల ఫిర్యాదు రాశాను. నా దస్తూరి చాలా బాగుంటుంది. ఆ ఫిర్యాదు రాస్తూ రాస్తూ అప్పీలు నెల గడిపేశాను. అక్క అసలు చెలక మీద ఎవరి దరఖాస్తూ లేనట్టయి అది అడవి కిందికి పోయింది.

ఎండాకాలంలో ఒకరోజు క్లాసులో ఉండగా ఫోన్ వచ్చింది.

"తమ్మీ, జేసీబీ వచ్చింది. అడవోల్లు వచ్చిన్రు. కందకం తవ్వుతున్నరు. మూడో రాయి పీకిన్రు."

"నువ్వు అడ్డం నిలబడు అక్కా, నేను కంప్లైంట్ ఇచ్చిన."

అడ్డం నిలబడమని చెప్పాను. నేను చౌటుప్పల్లో ఫ్యాను కింద నిలబడి చెప్పాను. ఆమె నిలబడింది. ఇద్దరు ఆడ పోలీసులు వచ్చి ఆమెను రెండు రెక్కలు పట్టుకుని పక్కకు తీసుకుపోయారు. సాయంత్రానికి కందకం తవ్వడం అయిపోయింది. చెలక అవతల పడింది, అక్క ఇవతల పడింది. వానలు మొదలు కాగానే గుంతలు తీసి వేప, నెమలినార మొక్కలు నాటారు. గొర్లను నిలపడానికి జాగా లేక మందకు మంద అమ్మేసింది.

ఆ వానాకాలమే బడికి కొత్తగా పెద్ద తెర వచ్చింది. గోడకు బిగించారు. పటం మీద ఎక్కడ వేలు పెడితే అక్కడి అక్షాంశం, రేఖాంశం చూపిస్తుంది. నేను మామూలుగా పక్క బోర్డు మీద 82.30 అని రాసి, పిల్లలకు చూపిద్దామని తెర మీద ఆ గీతను ముట్టుకున్నాను. తెర మీద 82.5 అని వచ్చింది.

తెర తప్పు చూపిస్తోందిరా అని చెప్పడానికి నోరు తెరిచాను. ముప్పై నిమిషాలంటే సగం డిగ్రీ. సగం అంటే పాయింట్ అయిదు. అయితే పాయింట్ యాభై ఎనిమిది అంటే? చాక్‌పీసు తీసుకుని బోర్డు మూలన గుణించాను. ముప్పై నాలుగు పాయింట్ ఎనిమిది. ఇంకోసారి గుణించాను. మూడోసారి గుణించాను. తెర మీద అక్క ఊరు వెతికి, నేను రాసిన అంకెలు తలుచుకుంటూ వేలిని తూర్పుకు జరిపాను. చెలకలు పోయాయి, ఊళ్లు పోయాయి, పచ్చటి అడవి వచ్చింది. వేలు అక్కడ ఆగింది. నేను మా అక్కను పెట్టిన గీత అక్కడి నుంచి పైకి వచ్చి, చౌటుప్పల్ దాటాక చిట్యాల దారిలో రోడ్డును అడ్డంగా కోసుకుపోతుంది. నా బడికి అంత దగ్గర. పిల్లలు గుసగుసలాడుతున్నారు. అందరినీ ఆటకు వదిలేసి ఖాళీ క్లాసులో కూర్చున్నాను. ఏడుద్దామంటే ఏడుపు రాలేదు.

మళ్లీ ఆ ఆఫీసుకు పోయాను. అదే గుమాస్తా. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నా ఫిర్యాదు వల్ల అతను పై వాళ్లకు సంజాయిషీ రాసుకోవాల్సి వచ్చిందట, తర్వాత తెలిసింది. నేను నా పొరపాటు చెప్పాను. గ్లాసులో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టాడు.

"గప్పుడే చూసుంటే అయిపోయేది సార్. మీరు వినలే."

అంతే అన్నాడు. తిట్టినా బాగుండేది. కొట్టినా బాగుండేది. లోపలి అధికారి కొత్తగా వచ్చాడు. గడువు ముగిసింది, ఆ జాగా అడవి లెక్కలో ఎక్కింది, మొక్కలు కూడా నాటారు, నా చేతిలో ఏమీ లేదు, కోర్టుకు పోండి అన్నాడు. వకీలు దగ్గరికి పోయాను. అతను దరఖాస్తు నకలు అటూ ఇటూ తిప్పి చూశాడు. "మా భూమి ఇక్కడ ఉందని మీ అక్కనే రాసిచ్చింది కద సార్, వేలిముద్ర గూడ ఉన్నది. సాక్షి సంతకం ఎవరిది?" అని అడిగాడు. నాది అన్నాను. నకలు మడిచి నా చేతికి ఇచ్చేశాడు.

ఇది తెలిసి కూడా అక్కకు ఏడు నెలలు చెప్పలేదు. ఫోన్లో ఆమె ఆ గుమాస్తాను తిడుతుంటే ఊ కొట్టాను. అవునక్కా, అట్లాంటోల్లే వాళ్లు అన్నాను. ఇంత నీచుణ్ని నేనని నాకు ముందు తెలియదు. ఆఖరికి ఒక ఆదివారం ఇక తట్టుకోలేక ఊరికి పోయాను. ఇంటికి తాళం వేసి ఉంది. పనికి పోయిందన్నారు. ఏం పని అంటే, మొక్కలకు నీళ్లు పోసే కూలి అన్నారు. ఎక్కడ అంటే, వాళ్లు నన్ను వింతగా చూశారు. "ఇంకేడ సారూ, ఆమె చెలకలనే" అన్నారు.

కందకం మీద వేసిన చెక్క దాటి లోపలికి పోయాను. ట్రాక్టరు మీద నీళ్ల డ్రమ్ము ఉంది. నలుగురు ఆడవాళ్లు బకెట్లతో మొక్కలకు పోస్తున్నారు. అక్క తెల్లటి టోపీ లాంటి గుడ్డ తలకు చుట్టుకుంది. నన్ను చూసి బకెట్ దించింది. కూర్చోమంటే వేపమొక్క పక్కన గొంతుక్కూర్చుంది. నేను చెప్పేశాను. ఒక పుల్ల తీసుకుని నేల మీద రెండు నిలువు గీతలు గీశాను. ఇది నీ చెలక మీంచి పోయే గీత అక్కా, నేను రాసింది ఈ గీత, ఆఫీసాయన తప్పేం లేదు, నాదే అన్నాను.

అక్క రెండో గీత మీద వేలు పెట్టింది.

"నువ్వే రాసినవా? నీ చెయ్యితోటి?"

"నేనే అక్కా."

"మరి గా ఆఫీసాయినను నేను పొద్దు పొద్దున లేసి తిట్టుకుంట ఉంటి గదరా. పిల్లలు గల్లోడేమో. నాకు జర ముందుగాలనన్న చెప్పకపోతివి."

నేను ఆమె కాళ్లు పట్టుకోబోయాను. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది. కోపంతో కాదు, మట్టిగా ఉన్నాయని. తర్వాత పుల్ల నా చేతిలోంచి తీసుకుని మొదటి గీత నుంచి రెండో గీత దాకా నెమ్మదిగా లాగింది.

"గీడికెల్లి గాడికి ఎంత దూరమైతది?"

"నలభై కిలోమీటర్లకు పైననే."

"గొర్లతోటి అయితే నాలుగు రోజుల నడక." లోలోపల లెక్క వేసుకుంది. "గాడ ఏమున్నది?"

"అడవి అక్కా. ఎవ్వరుండరు."

అక్క తలెత్తి నన్ను చూసింది. ఆ కళ్లలో కొంచెం ఆశ కనిపించింది. ఆ ఆశను నేను చచ్చేదాకా మరిచిపోలేను.

"మరి గా జాగనన్న నా పేరు మీద రాసిన్రా తమ్మీ?"

"లేదక్కా."

"గాడ గూడ లేదా?"

"యాడ లేదు."

అవతల మేస్త్రీ విజిల్ ఊదాడు. అక్క మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచి, బకెట్ తీసుకుని నీళ్లకు పోయింది.